గోడ దాటి వచ్చే పొగ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఈమధ్య ఒకే బాధ మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. ఇంట్లో ఎవరూ కాల్చరు. అయినా పడకగదిలో పొగ వాసన. పక్కింటివాళ్లతో గొడవ పెట్టుకోవాలా, మిషను కొనాలా, ఇల్లు మారాలా అని అడుగుతున్నారు. ఈ మూడింటికన్నా ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది: ఆ పొగ ఏ సందులోంచి, ఏ వేళకి, ఎందుకు వస్తోందో కనిపెట్టడం. దారి తెలిస్తే సగం ఖర్చు తగ్గుతుంది, మాట్లాడేటప్పుడు మాటకి బలమూ వస్తుంది. అయిదు ఉత్తరాలు తీసుకున్నాం.

మాది బరంపురం నేతవారి వీధిలో పెంకుటిల్లు. వరసగా ఎనిమిది ఇళ్లు, అన్నిటికీ ఉమ్మడి గోడలే. పక్కింటి ఒడియా పెద్దాయన రాత్రి భోజనం అయ్యాక ముందుగదిలో గుమ్మం దగ్గర కూర్చుని రెండు మూడు పికాలు (ఆకుచుట్టలు) కాలుస్తారు. మా ముందుగదిలో వాసన పెద్దగా ఉండదు గానీ పది దాటాక మేం పడుకునే నడిమి గదిలో మొదలవుతుంది. ఫ్యాను వేస్తే ఇంకా ఎక్కువ. ఆరేళ్ల మా గుంటకి ఉబ్బసం, దగ్గి దగ్గి లేచి కూర్చుంటోంది. కిటికీలకి ప్లాస్టిక్ షీటు కొట్టించాం, లాభం లేదు. ఆయన మంచి మనిషే, అడగడానికి మొహమాటం. - ఒక తల్లి

మీరు రాసిన రెండు సంగతుల్లోనే జవాబు ఉంది. ముందుగదిలో తక్కువ, నడిమి గదిలో ఎక్కువ. ఫ్యాను వేస్తే ఇంకా ఎక్కువ. అంటే పొగ కిటికీలోంచి కాదు, నెత్తి మీంచి వస్తోంది. పాత వరస ఇళ్లలో చాలా చోట్ల ఉమ్మడి గోడ దూలం మట్టం దాకానే లేపుతారు. దాని పైన పెంకుల కింద ఉన్న ముక్కోణపు ఖాళీ ఎనిమిది ఇళ్లకీ ఒకటే. వేడి పొగ పైకి లేచి అక్కడ చేరుతుంది, గోడ మీంచి మీ వైపు జరుగుతుంది. పొద్దుపోయేకొద్దీ పెంకులు చల్లబడతాయి, వాటి కింద గాలి బరువెక్కి గదిలోకి దిగుతుంది. అందుకే ఆయన తొమ్మిదింటికి కాల్చిన పొగ మీకు పది దాటాక తెలుస్తోంది. సీలింగ్ ఫ్యాను పైనున్న గాలిని కిందికి తోస్తుంది కాబట్టి వేసిన వెంటనే వాసన ఎక్కువవుతుంది.

ఇది నిజమో కాదో తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. ఒక రాత్రి మీ ఇంట్లో దీపాలన్నీ ఆర్పి, పక్కింటివాళ్లని లైట్లు వేసి ఉంచమనండి. మంచం మీద వెల్లకిలా పడుకుని కప్పు వైపు చూడండి. గోడకీ పెంకులకీ మధ్య ఎక్కడ వెలుగు కనిపిస్తే అక్కడ గాలి నడుస్తున్నట్టే. తర్వాత నిచ్చెన వేసుకుని, ఫ్యాన్లన్నీ ఆపేసి, వెలిగించిన అగరుబత్తి ఆ సందు దగ్గర పట్టుకోండి. పొగ గీత మీ వైపు వాలితే గాలి అటునుంచి వస్తోంది, అటు వాలితే పోతోంది. వాసాలకి నిప్పు తగలకుండా చూసుకోండి. ఒక్కసారి చూసి నమ్మొద్దు. బరంపురం సముద్రానికి దగ్గర. పగలు గాలి సముద్రం మీంచి ఊరి మీదికి, రాత్రి నేల మీంచి సముద్రం వైపు తిరుగుతుంది. సాయంత్రం ఒకసారి, రాత్రి పదిన్నరకి ఒకసారి చూడండి.

ఇక మూత. ముక్కోణం అడుగు 24 అడుగులు, నడికొప్పు దగ్గర ఎత్తు 4 అడుగులు ఉంటే 48 చదరపు అడుగులు అవుతుంది. ఇటుకతో కట్టించేద్దామని తాపీమేస్త్రి అంటాడు. ఒప్పుకోవద్దు. నాలుగంగుళాల ఇటుక గోడైనా ఎనిమిది వందల కిలోల పైమాటే, పాత మట్టిగోడ మీద అంత బరువు పెడితే బీటలు వస్తాయి. 6 మిల్లీమీటర్ల సిమెంటు బోర్డు చాలు. 8 బై 4 షీటు ఒకటి పాతిక కిలోలకి అటూ ఇటూ తూగుతుంది. రెండు షీట్లతో లెక్క సరిపోతుంది గానీ ఏటవాలు కోతలో ముక్కలు పోతాయి కాబట్టి మూడు తెచ్చుకోండి. గోడ మీద, వాసాల పక్కన 2 బై 1 అంగుళాల కర్ర చట్రం కొట్టి, దానికి అడుగుకో స్క్రూ చొప్పున బిగించాలి. థర్మోకోలు, ప్లాస్టిక్ షీట్లు వద్దు, పెంకుల కింద వైర్లు పాతవైతే అవి అంటుకుంటాయి. ఎవరింట్లోనో పడున్న పాత ఆస్‌బెస్టాస్ రేకు ముక్కలు అసలే వద్దు, కోసినప్పుడు లేచే నూగు ఊపిరితిత్తుల్లో ఉండిపోతుంది. సిమెంటు బోర్డునైనా దొడ్లో, తడిపి కొయ్యాలి. పాపని ఆ రోజు బంధువుల ఇంటికి పంపండి.

పని చెడేది చివరి రెండంగుళాల దగ్గర. బోర్డు తిన్నగా ఉంటుంది, పెంకులు వంపు తిరిగి ఉంటాయి, మధ్యలో వరసగా అరచేయంత ఖాళీలు మిగులుతాయి. మేస్త్రి "ఇంతకన్నా పట్టదమ్మా" అని దిగిపోతాడు. పొగకి ఆ ఖాళీలు చాలు. వాటిలో కొబ్బరి పీచు కలిపిన సున్నపు ముద్ద కూరాలి. ఒట్టి సిమెంటు పెడితే ఎండకి పెంకు వ్యాకోచించి ఏడాదిలోపే పగుళ్లు వస్తాయి, పీచు సున్నం కొంచెం సాగి నిలబడుతుంది. బోర్డుకీ బోర్డుకీ మధ్య కీలుకి సిలికాన్ సీలెంట్ ట్యూబు, గన్ను ఉంటే ఒక పూట పని. కోతులు పెంకులు కదిపే ఊరు కాబట్టి ఏటా వానాకాలం ముందు పెంకులు సర్దించేటప్పుడే ఈ కీళ్లు కూడా చూపించండి.

ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. సందులన్నీ మూసిన ఇంట్లో బొగ్గుల కుంపటి, కట్టెల పొయ్యి, బాత్‌రూంలో గ్యాస్ గీజరు వాడితే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దానికి రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. వంటింటి కిటికీ, గోడ అడుగున ఉన్న గాలి కన్నం మాత్రం మూయకండి. గ్యాస్ కారితే కిందికే దిగుతుంది కాబట్టి ఆ కింది కన్నం ఉండి తీరాలి.

మూత పెట్టాక కూడా కొంత పొగ వస్తుంది. ఆయన కాల్చే వేళకి దొడ్డివైపు కిటికీ తెరిచి, టేబుల్ ఫ్యాను దాని ముందు పెట్టి బయటి గాలిని లోపలికి కొట్టించండి. వీధి తలుపు మూసి ఉంచండి. గదిలో గాలి ఒత్తిడి కాస్త పెరిగితే సందుల్లోంచి గాలి బయటికే పోతుంది, లోపలికి రాదు. చాలామంది దీనికి తిరగేసి ఫ్యానుతో పొగని బయటికి తోస్తారు. అప్పుడు గదిలో వెలితి ఏర్పడి, ఆ వెలితిని పక్కింటి పొగే నింపుతుంది.

ఇప్పుడు మొహమాటం సంగతి. కాలుస్తుండగా వెళ్లి చెప్పొద్దు. పొద్దున్న, ఇంట్లో ఆడవాళ్లు కూడా ఉన్నప్పుడు వెళ్లండి. "మానెయ్యండి" అనొద్దు, "చోటు మార్చండి" అనండి. "మౌసా, పాపకి ఉబ్బసం. రాత్రి పది దాటాక మీ పికా పొగ పెంకుల కిందనుంచి మా గదిలోకి దిగుతోంది, మొన్న దీపాలార్పి చూశాం. భోజనం అయ్యాక దొడ్లో నూతి దగ్గర కూర్చుని కాలిస్తే పాప నిద్రపోతుంది" అంటే చాలు. వేళా దారీ చెప్పారు కాబట్టి ఆయన మీద నింద ఉండదు. ఇంటి గోడలకి ఏడెనిమిది మీటర్ల దూరంలో, మీ కిటికీకి ఎదురుగా కాకుండా కాలిస్తే పొగ చాలావరకు గాలిలో కలిసిపోతుంది. అక్కడ ఒక కుర్చీ, ఇసక పోసిన మూకుడు మీరే పెట్టించండి. కూర్చునే వసతి లేకపోతే ఆ ఏర్పాటు నాలుగు రోజులు నిలవదు. మూత ఖర్చు సగం సగం పడదామనీ అప్పుడే అడగండి, మీ వంట పొగ కూడా ఆయనింట్లోకి పోతూ ఉంటుంది.

మరొకటి అడగాలి, నొచ్చుకోకండి. మీ ఇంట్లో దోమల చక్రం వెలిగిస్తారా? 2003లో ప్రచురితమైన ఒక పరిశోధనలో ఒక్క చక్రం పూర్తిగా కాలితే వచ్చే సన్నని రేణువులు 75 నుంచి 137 సిగరెట్ల రేణువులతో సమానమని తేలింది. పాప పడుకునే గదిలో చక్రం, సాంబ్రాణి, అగరుబత్తి మూడూ ఆపి దోమతెర కట్టండి. పక్కింటి పొగ ఆగినా చక్రం వెలుగుతూ ఉంటే దగ్గు తగ్గదు. రోజూ వేసుకోమన్న ఇన్‌హేలర్ మానొద్దు. ఊపిరి తీస్తుంటే పక్కటెముకల మధ్య లోపలికి గుంటలు పడినా, నాలుగు మాటలు వరసగా మాట్లాడలేకపోయినా అర్ధరాత్రైనా ఆసుపత్రికి తీసుకెళ్లాలి, 108కి ఫోన్ చెయ్యండి.

రాయగడలో నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు, మాది మూడో అంతస్తు. పొద్దున్న ఆరింటికి, రాత్రి పదకొండింటికి బాత్‌రూంలోంచి సిగరెట్ వాసన. మాది ఎగ్జాస్ట్ ఫ్యాను ఉన్న బాత్‌రూమే. కింద అంతస్తులో ఎవరో బాత్‌రూంలో కాలుస్తున్నారు. వంటింట్లో ఎగ్జాస్ట్ వేస్తే వాసన హాల్లోకీ వస్తోంది. - ఒక ఉద్యోగి

నాలుగు అంతస్తుల బాత్‌రూముల ఎగ్జాస్టులూ ఒకే షాఫ్టులోకి, అంటే అన్ని అంతస్తులకీ కలిపి కింది నుంచి పైదాకా వదిలిన నిలువు ఖాళీలోకి, వదులుతాయి. కింద అతను ఫ్యాను వేసి కాల్చి పొగ షాఫ్టులోకి తోస్తాడు, తన ఇంట్లో వాసన లేదు కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదనే అనుకుంటాడు. పొగ పైకి పోతూ ఆగి ఉన్న మీ ఫ్యాను కన్నంలోంచి లోపలికి దూరుతుంది. ఆగిన ఎగ్జాస్ట్ ఫ్యాను అంటే గోడకి ఆరంగుళాల కన్నమే.

వంటింటి ఫ్యాను వేస్తే ఎక్కువవడం పెద్ద ఆధారం. కిటికీలు మూసి ఆ ఫ్యాను వేస్తే అది బయటికి తోసినంత గాలి ఎక్కడినుంచో లోపలికి రావాలి, మీ ఇంట్లో సులువైన దారి షాఫ్టు. బాత్‌రూం తలుపు మూసి, వంటింటి ఫ్యాను వేసి, తలుపు అడుగు సందులో అగరుబత్తి పెట్టి చూడండి. పొగ హాల్లోకి పరిగెడుతుంది. అందుకని మొదటి మందు ఉచితం: వంటింటి ఫ్యాను వేసినప్పుడల్లా బాల్కనీ వైపు కిటికీ ఒక జానెడు తెరవండి.

తర్వాత బాత్‌రూం ఫ్యాను మార్పించండి. ఆగినప్పుడు తమంతట తామే పడిపోయే రెక్కలున్న రకం దొరుకుతుంది, 150 మిల్లీమీటర్లది చాలు. కొనేముందు రెక్కలు వేలితో ఎత్తి వదలండి, టపీమని మూసుకోవాలి. ఏడాదికి వాటి మీద నూనె, దుమ్ము పేరుకుని సగం తెరుచుకుని ఉండిపోతాయి, మూడు నెలలకోసారి సబ్బునీళ్లతో కడగాలి. ఫ్యాను చట్రం చుట్టూ గోడకి మిగిలిన సందు సిలికాన్‌తో మూయండి. సందు అర అంగుళం దాటితే ముందు సిమెంటు కూరి ఆరాక సిలికాన్ వెయ్యాలి, ఖాళీలో నేరుగా పోస్తే కుంగి ఊడిపోతుంది. పైపులు గోడలో దూరే చోట కూడా ఇదే పని. పైపు చుట్టూ ఉన్న అలంకారపు స్టీలు బిళ్ల జరిపి చూడండి, దాని వెనక వేలు పట్టే కన్నం ఉంటుంది.

నహాని ట్రాప్, అంటే బాత్‌రూం నేలలో నీళ్లు పోయే జాలీ కింద నీరు నిలిచే గిన్నె, మర్చిపోకండి. వాడని బాత్‌రూంలో దానిలో నీరు ఆరిపోతుంది, అప్పుడు మురుగు పైపు గాలి, దానితో పొగ నేరుగా గదిలోకి వస్తాయి. వారానికోసారి ఒక చెంబుడు నీళ్లు పొయ్యండి. తలుపు అడుగుకి రబ్బరు పట్టీ వేయించండి.

అపార్ట్‌మెంటు సంఘం చెయ్యాల్సిన పని షాఫ్టు నెత్తిన ఉంది. టెర్రస్ మీదికి వెళ్లి చూడండి. వాన పడకుండా షాఫ్టు మీద ఫైబర్ షీటు గోడలకి ఆనించి పరిచేసి ఉంటారు. గాలి పోయే దారి లేక పొగ, వాసన, తేమ అన్నీ అంతస్తుల్లోకే తిరిగి వస్తున్నాయి. షీటుని అడుగున్నర ఎత్తున ఇనుప కాళ్ల మీద నిలబెట్టి, నాలుగు వైపులా తెరిచి, పావురాలు రాకుండా వల కొట్టించమనండి. ఈ ఒక్క మార్పుకి అందరూ ఒప్పుకుంటారు, ఎందుకంటే అందరి బాత్‌రూములూ ఆరతాయి. కాల్చేది ఎవరో పట్టుకోవడానికి తలుపులు తట్టుకుంటూ తిరగొద్దు. "షాఫ్టు వైపు బాత్‌రూముల్లో పొగ తాగవద్దు, పొగ పై అంతస్తుల పిల్లల గదుల్లోకి పోతోంది" అని వేళలతో సహా లిఫ్టు దగ్గర కాగితం అంటించండి. చాలామందికి పొగ అలా పోతుందని నిజంగానే తెలియదు.

పర్లాకిమిడిలో మేం అద్దెకున్న ఇంట్లో నాలుగు వాటాలు. ఎదురు వాటా ఆయన మెట్ల మీద నిలబడి బీడీలు కాలుస్తాడు. చెబితే "నా ఇష్టం, చట్టం ఏమీ లేదు" అంటున్నాడు. ఇంటివారు పట్టించుకోరు. పోలీసులకి చెప్పొచ్చా? - అద్దెదారు

ఆయన చెప్పింది సగం నిజం. 2003 నాటి సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టం బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడాన్ని నిషేధించింది. 2001లోనే మురళీ దేవరా కేసులో సుప్రీంకోర్టు ఆ దారి వేసింది. 2008 అక్టోబరు 2 నుంచి అమలైన నిబంధనలు ఆఫీసులు, హోటళ్లు, సినిమాహాళ్లు, బస్సులు, ఆసుపత్రుల వంటి వాటికి దాన్ని గట్టిగా వర్తింపజేశాయి. జరిమానా 200 రూపాయల దాకా. ఎవరింట్లో వారు కాల్చుకోవడాన్ని ఆ చట్టం ఆపదు. నాలుగు వాటాల మెట్లని ఆ జాబితాలో పేరు పెట్టి చెప్పలేదు, కాబట్టి పోలీసు వచ్చి అక్కడికక్కడే జరిమానా రాస్తాడని ఆశ పెట్టుకోవద్దు.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 280వ సెక్షను ఉంది. చుట్టుపక్కల ఉండేవాళ్ల ఆరోగ్యానికి హాని కలిగేలా కావాలని గాలిని చెడగొడితే వెయ్యి రూపాయల దాకా జరిమానా. పాత శిక్షాస్మృతిలో ఇదే 278. అయితే హాని "జనానికి" అని చూపించాలి. మీరొక్కరే వెళితే అది ఇరుగుపొరుగు తగాదాగా రాసుకుంటారు, మూడు వాటాలవాళ్లూ సంతకం పెడితే బరువు వేరు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షను కింద ప్రజలకి కలిగే ఇబ్బందిని తొలగించమని షరతులతో ఉత్తర్వు ఇచ్చే అధికారం సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్‌కి ఉంది. ఒడిశాలో అది సబ్‌కలెక్టరు. ఒక మనిషి బీడీ కోసం ఆ ఉత్తర్వు తెప్పించడం కష్టమే. రోజూ పదిమంది చేరి కాల్చే మెట్లు, అడుగున దుకాణం పొగ లాంటి వాటికి పనికొస్తుంది.

మీ విషయంలో బలమైన కాగితం అద్దె ఒప్పందం. పదకొండు నెలలకోసారి రాసుకునే ఆ కాగితంలో "మెట్లు, వరండా, నీళ్లట్యాంకు దగ్గర, ఇతర ఉమ్మడి చోట్ల పొగ తాగరాదు" అని ఒక్క వాక్యం నాలుగు వాటాలకీ చేర్పించమని ఇంటివారిని అడగండి. వాళ్లు పట్టించుకోకపోవడానికి కారణం తమ డబ్బు పోతోందని తెలియకపోవడం. మెట్లగది గోడకి పట్టిన పసుపు జిగురు మీద సున్నం వేస్తే వారంలో మరక పైకి ఊరుతుంది. సబ్బునీళ్లతో కడిగి, మరక ఆపే ప్రైమరు కొట్టి, రెండు చేతులు రంగు వేస్తేగానీ పోదు. ఆ లెక్క చూపించండి.

అడిగేముందు పది రోజుల చిట్టా రాయండి: తేదీ, వేళ, ఎంతసేపు, ఏ గదిలోకి, ఎవరికి ఏమైంది. ఇంట్లో జబ్బు మనిషి ఉంటే డాక్టరు చీటీ జత చెయ్యండి. అవేవీ పనిచెయ్యకపోతే కోర్టుకి ముందు జిల్లా న్యాయ సేవల సంస్థకి అర్జీ ఇవ్వండి. ఇద్దరినీ పిలిచి రాజీ కుదురుస్తారు. మహిళలకీ, ఎస్సీ, ఎస్టీలకీ ఆదాయంతో పని లేకుండా న్యాయ సహాయం ఉచితం, కాబట్టి ఇంట్లో ఆడవాళ్ల పేరున అర్జీ పెట్టడం మంచిది. అర్జీ ఒడియాలో రాయిస్తే ఆఫీసులో పని త్వరగా కదులుతుంది.

గుణుపురం నుంచి: గాలి శుద్ధి చేసే మిషను కొంటే సరిపోతుందా? ఎంతది కొనాలి?

దారులు మూశాక మిగిలిన పొగకి పనికొస్తుంది, మూయకుండా కొంటే డబ్బు దండగ. గది 10 బై 12 అడుగులు, ఎత్తు 10 అడుగులైతే 1200 ఘనపుటడుగులు, అంటే 34 ఘనపు మీటర్లు. గంటకి అయిదుసార్లు ఆ గాలి వడకట్టాలంటే గంటకి 170 ఘనపు మీటర్ల సామర్థ్యం కావాలి. పెట్టె మీద సీఏడీఆర్ అని రాసి ఉండేది ఆ అంకే. చిన్న వేగంలో పెడితే అందులో సగం కూడా రాదు, అందుకని 250 ఉన్నది కొని మధ్య వేగంలో నడపండి. హెపా ఫిల్టరు రేణువుల్ని పట్టుకుంటుంది, వాసనని కాదు. వాసనకి బొగ్గు ఫిల్టరు కావాలి, అది కాగితంలా పలచగా ఉంటే నెల తిరక్కుండా నిండిపోతుంది. కార్బన్ మోనాక్సైడ్‌ని రెండూ ఆపవు. ఓజోన్ వదిలే రకం ఉబ్బసం ఉన్న ఇంట్లోకి రానివ్వొద్దు. తడి తువాలు, కర్పూరం, కుండీ మొక్కలు, సెంటు స్ప్రే పొగని తియ్యవు.

గజపతి జిల్లా కాశీనగర్. పక్క వాటాలో మా పెద్దమ్మ ఉంటుంది, డెబ్బై దాటాయి. చిన్నప్పట్నుంచీ అడ్డచుట్ట కాలుస్తుంది. నిప్పు నోట్లోనే ఉంటుంది గనక పొగ బయటికి రాదంటుంది. నెలల పసికందుని రోజూ ఎత్తుకుంటుంది. పెద్దావిడకి ఎలా చెప్పాలి? - కూతురు వరస

శ్రీకాకుళం, విశాఖ తీరం నుంచి మీ వైపు దాకా ఆడవాళ్లలో నిలిచిపోయిన అలవాటు ఇది. పొగ బయటికి రాదన్న మాట మాత్రం తప్పు. ఊదిన పొగ, ఊపిరితో వచ్చే పొగ గదిలోనే ఉంటాయి. చీర కొంగుకి, జుట్టుకి, వేళ్లకి జిగురు పట్టి ఉంటుంది, పసివాడు ముఖం ఆనించేది ఆ కొంగుకే. పొగ ఉన్న ఇళ్లలో శిశువులకి నిమోనియా, చెవిపోటు, ఉబ్బసం, నిద్రలోనే ఉన్నట్టుండి ప్రాణం పోయే ప్రమాదం ఎక్కువని అమెరికా సర్జన్ జనరల్ 2006 నివేదిక తేల్చింది. ఇంత పీలిస్తే ఫర్వాలేదు అనే హద్దు కూడా లేదని అందులోనే రాశారు.

పెద్దమ్మని దూరం పెట్టకండి, బిడ్డని ఎత్తుకునే పద్ధతి మార్చండి. చుట్ట పెరట్లో, పాకకి అవతల. అయ్యాక నోరు పుక్కిలించి, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, పైన వేరే ఉతికిన గుడ్డ కప్పుకుని అరగంట ఆగి ఎత్తుకోవాలి. ఆ గుడ్డ మీరే గుమ్మం దగ్గర తగిలించి ఉంచండి, "పెద్దమ్మా, బాబు గుడ్డ ఇదిగో" అంటే అందులో తప్పు పట్టినట్టు ఉండదు. ముద్దు బుగ్గ మీద కాదు, పాదం మీద.

ఆవిడ నోటి సంగతి అంతకన్నా తొందరది. నిప్పు లోపల పెట్టుకునేవారికి అంగిలి మీద మచ్చలు, పుళ్లు, క్యాన్సర్ వస్తాయి. నొప్పి ఉండదు కాబట్టి తెలియదు. పగటి వెలుగులో నోరు తెరిపించి, తల వెనక్కి వాల్చి, టార్చి వేసి అంగిలి చూడండి. కట్టుడు పళ్లుంటే తీయించండి. తెల్లని మందపాటి పొర మధ్య ఎర్రని చుక్కలున్నా, ఎర్రగా మెరిసే చోటున్నా, రెండు వారాలైనా మానని పుండున్నా, రంగు పోయిన మచ్చ గట్టిగా తగిలినా జిల్లా ఆసుపత్రి దంతవైద్యుడికి చూపించండి. ముక్క తీసి పరీక్ష చెయ్యాలంటే భయపడి వెనక్కి తీసుకురాకండి. మొదట్లో తెలిస్తే చిన్న కోతతో పోయేదే, ఆలస్యమైతే అంగిలే తీసెయ్యాల్సి వస్తుంది.

మానడానికి ఆవిడ సిద్ధపడితే ఉన్నట్టుండి ఒంటరిగా వదలొద్దు. ఇన్నేళ్ల నికోటిన్ ఒక్కసారి ఆగితే చిరాకు, నిద్ర పట్టకపోవడం, మలబద్ధకం రెండు మూడు వారాలు ఉంటాయి. 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ దుకాణంలో దొరుకుతుంది గానీ పళ్లు లేనివారు నమలలేరు, చర్మానికి అంటించే పట్టీ గురించి డాక్టరుని అడగండి, గుండెజబ్బు ఉంటే ముందే చెప్పండి. చుట్టకి బదులు గుడాకు (పొగాకు ముద్ద) పళ్లకి రుద్దుకోవడం, పొగాకు బుగ్గన పెట్టుకోవడం మొదలుపెట్టనివ్వొద్దు, అవీ పొగాకే. 1800-11-2356 జాతీయ ఉచిత నంబరు, సలహా ఇచ్చేవాళ్లు మాట్లాడి మళ్లీ మళ్లీ ఫోన్ చేసి పలకరిస్తారు. మొదటి ఫోన్ మీరే కలిపి, స్పీకరు పెట్టి, ఆవిడ పక్కన కూర్చోండి.